మార్చి నెలలో జమ్మూ నుంచి జోజిలా దాకా

కశ్మీర్ లోయలో వసంతమంటే వానాకాలమే. శ్రీనగర్‌లో ఏడాది మొత్తంలో ఎక్కువ వాన కురిసే నెల మార్చి. సగటున 100 మిల్లీమీటర్ల పైమాటే. నైరుతి మేఘాల్ని పీర్ పంజాల్ కొండలు దక్షిణాన్నే చాలావరకు ఆపేస్తాయి. లోయను తడిపేవి మధ్యధరా సముద్రం వైపు పుట్టి, ఇరాన్, అఫ్గానిస్థాన్‌ల మీదుగా పైస్థాయి పడమటి గాలులతో కొట్టుకొచ్చే పశ్చిమ అలజడులు. ఒకటి వెళ్లి మరొకటి వచ్చేలోపు రెండు మూడు రోజులు తెరిపి దొరుకుతుంది. ప్రయాణాలన్నీ ఆ తెరిపిలోనే. డిసెంబరు 21న చిల్లై కలాన్‌తో మొదలయ్యే గట్టి చలి 40, 20, 10 రోజుల మూడు విడతలుగా సాగి మార్చి మొదట్లో ముగుస్తుంది. చలి విడిచినంత మాత్రాన మబ్బు విడిచినట్టు కాదు. ఉగాదినాడే కశ్మీరీ పండితులకు కొత్త సంవత్సరం, నవ్రేహ్; మనం ఉక్కపోతలో పచ్చడి తాగే రోజున వాళ్ల ఇళ్లలో కాంగ్డీ కుంపటి ఇంకా రాజుతూ ఉండొచ్చు.

జమ్మూలో మార్చి మధ్యాహ్నం చొక్కా మీద స్వెటర్ అక్కర్లేదు. అక్కడినుంచి శ్రీనగర్ వెళ్లే దారిలో 2017లో తెరిచిన చెనాని–నాష్రీ సొరంగం తొమ్మిది కిలోమీటర్ల పైచిలుకు పొడవుండి, పత్నీటాప్ మంచును తప్పిస్తుంది. అసలు చిక్కు దాని తర్వాత, రాంబన్–బనిహాల్ మధ్య. రోడ్డు వెడల్పు కోసం తొలిచిన కొండవాలు, చలికాలమంతా గడ్డకడుతూ కరుగుతూ బీటలిచ్చిన పలకరాయి, దాని మీద వాన. మా బండి ఆగినచోట ఆకాశం నిర్మలంగా ఉంది, ముందురోజే వాన వెలిసింది. అయినా వాలు మీంచి బురదనీరు సన్నగా కారుతూనే ఉంది. ఉండుండి పిడికెడంత రాయి ఒకటి గెంతుకుంటూ వచ్చి తారు మీద పడేది. దాని వెనక పెద్దది వస్తుందేమోనని డ్రైవర్లందరూ మెడలు పైకెత్తి చూసేవారు. నీరు రాతి పగుళ్లలోకి ఇంకడానికి సమయం పడుతుంది కాబట్టి వాన ఆగాక కూడా చరియలు విరుగుతాయి. అందుకే ఈ దారిలో వాతావరణ సూచన ఒక్కటే చూసి బయల్దేరడం తెలివితక్కువ. ట్రాఫిక్ పోలీసుల ప్రకటన కూడా చూడాలి.

బనిహాల్–ఖాజీగుండ్ సొరంగం 2021లో తెరిచారు. ఎనిమిదిన్నర కిలోమీటర్ల ఆ చీకటి దాటితే లోయ. ఒక్కోసారి ఇవతల చినుకు, అవతల మంచు. ఇక్కడినుంచి ఎత్తే అన్నిటినీ నిర్ణయిస్తుంది. కిలోమీటరు పైకి పోయేకొద్దీ ఉష్ణోగ్రత సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. శ్రీనగర్ దాదాపు 1,600 మీటర్ల ఎత్తులో, గుల్మార్గ్ 2,650 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. ఒకే మబ్బు కింద శ్రీనగర్‌లో ఆరు డిగ్రీల చలిలో వాన కురుస్తుంటే గుల్మార్గ్‌లో మంచు పడుతుంది. అలజడి దగ్గరపడగానే శిఖరాల మీద ముందు గాలి లేస్తుంది కాబట్టి, గుల్మార్గ్ నుంచి అఫర్వత్ కొండ మీదికి వెళ్లే రోప్‌వే మంచు మొదలవకముందే ఆగిపోవచ్చు.

మబ్బులేని రాత్రుల్లో లెక్క తారుమారవుతుంది. వాలు మీద చల్లబడ్డ బరువైన గాలి దిగజారి లోయ అడుగున నిలిచిపోతుంది. తెల్లవారుజామున లోయ అడుగు కంటే గట్టు మీది ఊరే వెచ్చగా ఉండొచ్చు. మార్చి రెండో సగంలో బాదం పూసే వేళ ఇలాంటి ఒక్క రాత్రి, లేదా పావుగంట వడగళ్లు, రైతు ఏడాది కష్టాన్ని తుడిచిపెట్టగలవు. పర్యాటకులు ఆరా తీసేది శ్రీనగర్ తులిప్ తోట ఎప్పుడు తెరుస్తారని. తోటమాలి చూసేది రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత.

వెచ్చటి అలజడి వస్తే వాన పైకొండలదాకా పాకి, పాత మంచును కూడా కరిగిస్తుంది. అప్పుడు ఝీలం నది పొంగుతుంది. 2015 మార్చి చివర్లో జరిగిందదే: వరద హెచ్చరికతో జనం ఇళ్లు వదిలారు, బడ్గామ్ జిల్లాలో కొండచరియ ఇళ్ల మీద విరిగిపడి పదిమందికి పైగా చనిపోయారు. అంతకుముందు సెప్టెంబరులో పెద్ద వరద చూసిన ఊళ్లకు అది రెండో దెబ్బ.

శ్రీనగర్ నుంచి లద్దాఖ్ వెళ్లే దారిలో, సోనామార్గ్ వైపు ప్రధాన భయం మంచుచరియలు. చండీగఢ్‌లోని రక్షణ పరిశోధన సంస్థ జిల్లాలవారీగా, ఎత్తులవారీగా హెచ్చరికలిస్తుంది. వసంతంలో మధ్యాహ్నపు ఎండకు మంచు నీరోడి, బరువెక్కి జారుతుంది. అందుకే తెరిపి రోజైనా ఏటవాలుల కింది దారుల్ని పొద్దున్నే దాటేయడం మంచిది. 3,500 మీటర్ల ఎత్తున్న జోజిలా కనుమను సరిహద్దు రహదారుల సంస్థ ఏటా మంచు తవ్వి తెరుస్తుంది. ఆ తేదీ ఆ ఏటి మంచును బట్టి మారుతుంది. కనుమ దాటి లద్దాఖ్‌లో ముందుకు పోయేకొద్దీ తేమ తగ్గిపోతుంది. లేహ్‌లో ఏడాదంతా కలిపినా సుమారు 100 మిల్లీమీటర్లే. అక్కడి మార్చి సూచనలో వాన మాట అరుదు, రాత్రి ఉష్ణోగ్రత మాత్రం సున్నాకు దిగువనే ఉంటుంది.