అలారం మోగేదాకా

కీ ఇచ్చే పాత అలారం గడియారం ఎక్కడ కనబడినా నాకు మిసెస్ డుబోస్ గుర్తొస్తుంది. 1960లో వచ్చిన హార్పర్ లీ నవల ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’లో, నోరు విప్పితే తిట్లే తిట్టే ముసలావిడ. మంచం పట్టిన ఆవిడకి జెమ్ అనే కుర్రాడు రోజూ పుస్తకం చదివి వినిపించాలి. అలారం మోగితే ఆ పూటకి సెలవు. ఆ మోత రోజురోజుకీ ఇంకాస్త ఆలస్యమవుతుంటుంది. ఎందుకో జెమ్‌కి, వెంట వెళ్లే చెల్లెలికి తెలియదు. ఆవిడ పోయాక తండ్రి అట్టికస్ చెబుతాడు: నొప్పికి ఏళ్ల తరబడి వాడిన మార్ఫిన్‌ని వదిలించుకునే చనిపోవాలని పంతం పట్టిందట. పట్టి, గెలిచింది.

అంతకుముందే ఆ తండ్రి పిచ్చికుక్కని ఒక్క తూటాతో కూల్చాడు. కొడుకు పొంగిపోయాడు. ధైర్యమంటే తుపాకీ అనుకుని వాడు అక్కడే ఆగిపోవడం తండ్రికి ఇష్టం లేదు; అసలు ధైర్యం ఆ ముసలావిడలో చూడమన్నాడు.

నన్ను వదలనిది మాత్రం జైలు ముందు రాత్రి. టామ్ రాబిన్సన్ అనే నల్లజాతి ఖైదీని చంపడానికి గుంపు వస్తుంది. తలుపుకి ఆనించిన కుర్చీలో, బల్బు వెలుగులో, కాపలాగా అతని లాయరు అట్టికస్ ఒక్కడే. చేతిలో పేపరు తప్ప మరేమీ లేదు. పిల్లలు హఠాత్తుగా ఆ గుంపు మధ్యకి రాగానే లేచి, పేపరు మడతలు నెమ్మదిగా సర్దుతాడు. వేళ్లు వణుకుతుంటాయి. రచయిత్రి ఆ వణుకుని దాచలేదు. అందుకే ఆయన్ని నమ్ముతాను. భయమే ఎరగని మనిషి అక్కడ కూర్చుంటే అందులో గొప్పేముంది?

ఈ నవల ఎప్పుడో చదివి పక్కన పెట్టినవాళ్లు 11వ అధ్యాయం మరోసారి చదవండి, ఆ ముసలావిడ కోసం.