నల్లమలలో బోర్లు వద్దు

మాది రామకృష్ణాపూర్, బొగ్గుబాయిల ఊరు. మా ఇండ్లల్ల పొయ్యి వెలిగింది బొగ్గు జీతంతోనే. తవ్వకాలే వద్దని నేననను. కానీ రక్షిత అడవి సంగతి వేరు.

2019 మేలో నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణకు కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. వెతకడమే కదా, తవ్వడం కాదు కదా అన్నరు. బోరెయ్యాలంటే రిగ్గు రావాలె. రిగ్గుకు బాట కావాలె. బాటకు చెట్లు కొట్టాలె. ఖనిజం దొరికినంక ఎవరు ఆగుతరు? మా దిక్కు ఓపెన్‌కాస్ట్ గనుల మట్టిగుట్టల మీద సింగరేణి బొగ్గు కంపెనీ మొక్కలు పెంచుతది, పచ్చగనే ఉంటయి. కానీ పులి పిల్లలు పెట్టే పొద, చెంచులు తేనె తీసే చెట్టు నర్సరీల పెరగవు.

అడవి పక్కన బావి తవ్వితే ఏమైతదో కూడా చూసినం. 2020లో అస్సాంలో డిబ్రూ-సైఖోవా జాతీయ పార్కు పక్కనే బాగ్‌జాన్ గ్యాస్ బావి అదుపు తప్పి నెలల తరబడి మండింది.

మన నల్లమల కోసం చెంచులు, విద్యార్థులు, ఎందరో కదిలినంక 2019 సెప్టెంబర్‌లో తెలంగాణ అసెంబ్లీ యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. మంచి పని. అయితే తీర్మానం చట్టం కాదు. పులుల అడవుల్లో అన్వేషణ బోరు కూడా పడొద్దని చట్టంలోనే రాయాలె. చమురైనా, గ్యాసైనా, యురేనియమైనా, మా బొగ్గైనా సరే. మీ ఎమ్మెల్యేను, ఎంపీని ఈ మాట అడగండి.