అనంతగిరి నుంచి అక్కకు

శృంగవరపుకోట నుంచి ఘాట్ దాకా, ఉదయం

అక్కా,

నీ చెల్లి ఎస్.కోట వరకూ క్షేమం. బావగారు సంచిలో కుక్కిన మంకీ టోపీ ఇంకా సంచిలోనే ఉంది. ఘాట్ ఎక్కాక ఆయన మాటే నెగ్గేలా ఉందని చెప్పు. పండుగాడి ఇంటర్వ్యూ వచ్చే వారమేగా? వాడు పంపిన రెజ్యూమే బస్సులో చదవడం అయింది. అందులో కష్టపడే తత్వం అని మూడు చోట్ల ఉంది, దేనికి కష్టపడ్డాడో ఒక్కచోటా లేదు. పిన్ని ఇలా అందని వాడితో అను, కాస్త ఉడుక్కోనీ.

ఇక్కడ అనంతగిరి జీపు దగ్గర పెద్ద గొడవే అయింది. ఒక ముసలమ్మ ఉల్లిపాయల మూటతో ఎక్కబోతే డ్రైవరు మూటకి కూడా సీటు డబ్బులు అడిగాడు. ఆమె ఆదివాసీ ఒడియాలో గట్టిగా ఏదో అంది, అతను తెలుగులో అంతకన్నా గట్టిగా అన్నాడు. వెనక సీట్లోంచి ప్లాస్టిక్ ఫైలు పట్టుకున్న కుర్రాడొకడు దిగాడు. "మావా, మొన్న ఇదే మూటకి పది తీసుకున్నావు. ఇవేళ సీటు డబ్బులెందుకు? మూట నా ఒళ్లో పెట్టుకుంటాను, నీ సీటు నీకు మిగులుతాది" అన్నాడు. ఆమెకి ఆమె భాషలో, అతనికి తెలుగులో నచ్చజెప్పి, బేరం పది రూపాయల దగ్గర తెంపాడు. జీపు కదిలింది.

ఫైల్లో ఏముందో దారిలో తెలిసింది. ముందురోజు విశాఖలో ఒక హోటల్లో రిసెప్షన్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లొస్తున్నాడు. "నీ గురించి చెప్పు" అన్నారట. పేరు, నాన్న పేరు, ఊరి పేరు చెప్పి ఆగిపోయాడట. ఇంకేమైనా ఉందా అంటే లేదన్నాడట. రెండు భాషల మధ్య నిలబడి కోపంగా ఉన్న ఇద్దర్ని శాంతపరచడమే రిసెప్షన్ బల్ల వెనక రోజూ చెయ్యాల్సిన పని అని ఆ పిల్లాడికి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. నీ చెల్లి చెప్పింది. నమ్మలేనట్టు చూశాడు.

ఘాట్ మలుపులకి కడుపులో తిప్పింది. మిగతాది పైకెక్కాక.

అనంతగిరి, రాత్రి

టోపీ పెట్టుకోక తప్పలేదు. బావగారికి చెప్పకు.

రమ్మని పిలిచిన పాత విద్యార్థిని ఇప్పుడు ఈ మండలంలోనే టీచరు. రాత్రి ఆమె వాళ్లమ్మ పెట్టిన భోజనం గురించి రాయకుండా నిద్ర రాదు. ముందు చోడి అంబలి, పుల్లగా, చల్లగా. తర్వాత వేడన్నం, ఈ కొండల్లోనే పండిన రాజ్మా గింజలు చిక్కగా ఉడికించి ఎండుమిర్చి, అల్లం వేసిన కూర. గింజ పైకి గట్టిగా కనబడుతుంది, నాలుక మీద పెడితే వెన్న. నువ్వు గంటసేపు ఉడికించినా రాని మెత్తదనం అది. రహస్యమేమిటంటే ఆ తల్లి నవ్వి, మధ్యాహ్నమే పొయ్యి మీద పెట్టి తోటకి వెళ్లిపోయానంది. రెండోసారి వడ్డించుకుని, మూడోసారి అడగలేక మానేసింది నీ చెల్లి. నీ చేతి పెసరట్టు గుర్తొచ్చి కొంచెం దిగులు కూడా వేసింది.

భోజనం కాకముందు అరుగు మీద పిల్లలు చేరారు. డిగ్రీ అయినవాళ్లు, ఇంటరుతో ఆగినవాళ్లు, అచ్యుతాపురం సెజ్‌లో ఏడాది కుట్టుపని చేసి వచ్చిన అమ్మాయి ఒకతి. వాళ్లు ఉద్యోగాల కోసం పంపిన మెసేజ్‌లు ఫోన్లలో చూపించారు. సగం "హాయ్ సార్ జాబ్ ఉందా" రకం. మిగతా సగం మండలాఫీసు అర్జీ బాణీ: తమరి దివ్యసముఖమునకు వ్రాసుకొను విన్నపము అని మొదలై, తమరు దయతలచి అని ముగుస్తాయి. మధ్యలో ఏ పనికి అడుగుతున్నారో, ఏం చదివారో ఉండదు. పాపం, వాళ్లకి తెలిసిన ఉత్తరం అదొక్కటే. తాతల కాలం నుంచీ ఈ కొండల్లో కాగితం రాయడమంటే పై అధికారిని వేడుకోవడమే కదా.

ఒక అమ్మాయి బయోడేటాలో అనుభవం ఎదురుగా "లేదు" అని రాసుకుంది. ఇంట్లోనే ఉంటున్నానంది. ఏం చేస్తుంటావమ్మా అని అడిగితే కాఫీ అంది, అదేదో లెక్కలోకి రాని పనన్నట్టు. తర్వాత గుక్క తిప్పుకోకుండా చెప్పింది: నవంబరు నుంచి జనవరి దాకా ఎర్రబడ్డ పండే ఏరాలి, పచ్చిది కలిస్తే రుచి పోతుంది. కోసిన రోజే పల్పర్‌లో వేసి తొక్క తియ్యాలి, జిగురు పోయేదాకా పులియబెట్టి కడగాలి, ఎండబెట్టి తిరగేస్తుండాలి, తేమ పదకొండు శాతం దగ్గరికి రావాలి. రోజుకి నలభై కిలోల పండు కోస్తుంది. తూకం దగ్గర లెక్క ఆమెదే, నాన్నకి చదువు రాదు. ఈ ప్రాంతపు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2017లోనే పారిస్‌లో దీనికో దుకాణం తెరిచారు. ఆ కాఫీ చేసే పిల్ల అనుభవం లేదని రాసుకుంటోంది! ఆ "లేదు" కొట్టేయించి, నాణ్యత చూసి ఏరడం, తూకం, లెక్క రాయడం, మూడు సీజన్లు అని రాయించేసరికి పొద్దుపోయింది.

అనంతగిరి, వాన

అక్కా, జలుబు జ్వరంలోకి దిగింది. వాయుగుండమట, తెరిపి లేదు. ఇంటింటా ఎండబెట్టిన కాఫీ గింజలు లోపలికి మోస్తున్నారు, నాలుగు రోజులు ఇలాగే ఉంటే బూజు పడుతుందని బెంగ. దుప్పట్లో కూర్చుని రాస్తున్న ఉత్తరం, దస్తూరి అలాగే ఉంటుంది.

ఇవాళ టీచరమ్మ చెప్పిన సంగతి మనసులోంచి పోవడం లేదు. ఆమెకి ఉద్యోగం వచ్చిన దారి ఇప్పుడు ఆమె తమ్ముడికి మూసుకుపోయింది. 2000 జనవరి 10న వచ్చిన జీవో నంబరు 3 ప్రకారం ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే. పిల్లల ఇంటిభాష తెలిసినవాళ్లు, వానొచ్చినా బడి మానని పక్క ఊరివాళ్లు పాఠం చెప్పాలన్నది దాని ఉద్దేశం. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని కొట్టేసింది. అప్పటికే చేరినవాళ్ల ఉద్యోగాలు మాత్రం ఉంచింది. కోర్టు లెక్క కోర్టుది. ఈ అరుగు మీద కూర్చుని చూస్తే మాత్రం ఒక తరం పిల్లలు నమ్ముకున్న ఉద్యోగం కళ్లముందే దూరమైపోయింది. అది అన్యాయమనే నీ చెల్లి అంటుంది, బావగారు రూల్స్ చెప్పి వాదించినా సరే.

ఇంటర్వ్యూ భయం కూడా ఇక్కడినుంచే. ఇంతకాలం వీళ్లు చూసిన ఉద్యోగాల్లో ఇంటర్వ్యూ తక్కువ. కేంద్రం 2016 జనవరి 1 నుంచి కింది స్థాయి పోస్టులకి ఇంటర్వ్యూ తీసేసింది. 2019లో గ్రామ సచివాలయాలకి రాతపరీక్షే. పోస్టాఫీసులో గ్రామీణ డాక్ సేవక్ కొలువులకి పదో తరగతి మార్కులే కొలత, పరీక్ష కూడా లేదు. బ్రాంచి పోస్టుమాస్టరుకి జీతం నెలకి 12,000 రూపాయల దగ్గర మొదలు, స్థానిక భాష రావాలి. ఆ పోస్టులకి దరఖాస్తు పెట్టినవాళ్లు ఈ అరుగు మీదే ముగ్గురున్నారు. ఇక మిగిలిన ప్రైవేటు ఉద్యోగాలకి ఎదురుగా కూర్చుని మాట్లాడాలి. అదెవరూ నేర్పలేదు.

మాత్ర వేసుకున్నాక సాయంత్రం కొంచెం నయమనిపించి పిల్లల చేత కొత్త మెసేజ్‌లు రాయించడం అయింది. జీపు కుర్రాడు కూడా తడుస్తూ వచ్చాడు. వాడు రాసింది దించుతున్నాను, పండుకి చూపించు:

"నమస్కారం సార్. సోమవారం రిసెప్షన్ ఇంటర్వ్యూకి వచ్చాను, అవకాశం ఇచ్చినందుకు కృతజ్ఞతలు. ఆ రోజు చెప్పని విషయం ఒకటి ఉంది. నాకు తెలుగు, ఆదివాసీ ఒడియా బాగా వచ్చు, హిందీ అర్థమవుతుంది. రెండు సీజన్లు బొర్రా దగ్గర టిఫిన్ హోటల్లో బిల్లు కౌంటర్ చూశాను. మా ఊళ్లో సిగ్నల్ ఉండదు, సాయంత్రం 5 నుంచి 7 వరకు రోడ్డు మీదికి వచ్చి ఉంటాను, అప్పుడు ఫోన్ చేస్తే మాట్లాడగలను."

సిగ్నల్ మాట వాడే కలిపాడు, ఎవరూ చెప్పలేదు. ఫోన్ ఎత్తలేదని ఎన్ని ఉద్యోగాలు పోయాయో ఈ ఊళ్లకి తెలుసు. ఇంకో మాట కూడా అందరి చేతా రాయించింది నీ చెల్లి: ఉద్యోగం ఇస్తామని ముందే డిపాజిట్ అడిగినవాళ్లకి రూపాయి కూడా పంపకూడదు, కంపెనీ పేరు, జీతం, చోటు కాగితం మీద రానిదే బస్సెక్కకూడదు.

బొర్రా గుహలు స్టేషన్, సాయంత్రం

జ్వరం తగ్గింది, ఎండ కాసింది, ప్రాణం లేచొచ్చింది. గుహలు చూశాం, బాగున్నాయి, జారుడుగా ఉన్నాయి. కిరండోల్ బండి ఆలస్యం. గ్రూప్-1కి చదువుతున్న ఇద్దరు పిల్లలు సాగనంపడానికి వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. దానికి ఇంటర్వ్యూ ఉంది, బోర్డు సొంతూరి గురించి అడగొచ్చు. మీ మండలం ప్రత్యేకత ఏమిటంటే ఇద్దరూ బొర్రా గుహలనే అన్నారు.

ఈ మండలంలోనే నిమ్మలపాడు ఉంది. అక్కడి కాల్సైట్ గనుల లీజుల మీద సమత సంస్థ కోర్టుకెక్కితే, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా ప్రైవేటు కంపెనీలకి గనులకి లీజుకివ్వకూడదని 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. దేశమంతటా న్యాయ విద్యార్థులు చదివే తీర్పు. ఒక పిల్లకి అది తెలుసు, వాళ్ల తాత మీటింగులకి నడిచి వెళ్లేవాడట. "అది ఇంటర్వ్యూలో చెప్పొచ్చా మేడం, గొడవ విషయం కదా?" అని అడిగింది. తేదీతో సహా చెప్పు, తాత నడిచిన సంగతీ చెప్పు అని నీ చెల్లి జవాబు.

బండి కూత వినిపిస్తోంది. హోటల్ వాళ్ల నుంచి కుర్రాడికి ఇంకా జవాబు లేదు. పండుకి ఒక పని అప్పగిస్తున్నా: ప్రతి ఆదివారం సాయంత్రం 5 నుంచి 7 మధ్య ఈ పిల్లలకి ఫోన్ చేసి ఉత్తుత్తి ఇంటర్వ్యూ చెయ్యాలి, వాళ్లూ వీడికి చేస్తారు. నంబర్లు విడిగా పంపుతాను. వాడి పాత ఫార్మల్ చొక్కాలు రెండు ఇస్త్రీ చేయించి ఉంచు, కాఫీ పిల్ల తమ్ముడికి సరిపోతాయి.

నీ చెల్లి