తక్కువ తిరిగిన పాత స్పోర్ట్స్ బండి కొనేముందు మేం ఏమేం చూశామంటే

పోస్టు కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి. సెకండ్ హ్యాండ్ బండి చూసుకుంటున్నవాళ్లకి పనికొస్తుంది.

మా హాస్టల్ రూములో నలుగురం. అందులో ఒకడికి ఇంటర్ నుంచీ యమహా ఆర్15 అంటే పిచ్చి. ఈ ఏడు వాళ్ల నాన్న కాఫీ, మిరియాలు అమ్మిన డబ్బులో 45 వేలు వాడికోసం పక్కన పెట్టారు. ఏడాదంతా కొండెక్కి దిగిన డబ్బు అది. విశాఖ బీచ్ దగ్గర ఒక అపార్ట్‌మెంట్‌లో 2013 మోడల్ వెర్షన్ 2 ఉంది, 11 వేల కిలోమీటర్లే తిరిగింది, 52 వేలు అని ఒక బ్రోకర్ చెప్పాడు. మా నలుగురి ఇళ్లల్లోనూ కాలేజీ దాకా వచ్చింది మేమే మొదలు. ఇలాంటివి అడగడానికి ఇంట్లో ఎవరున్నారు? హాస్టల్ ఎదురుగా షెడ్డు పెట్టుకున్న మెకానిక్ అన్నని పట్టుకున్నాం. ఆయన మొదటి మాటే, "తక్కువ తిరిగింది అంటే ఎక్కువ నిలబడింది అనిరా" అన్నాడు.

నిలబడిన బండికి వేరే జబ్బులుంటాయి. రబ్బరు గట్టిపడిపోతుంది, ట్యాంకులో తుప్పు పడుతుంది, బ్రేక్ ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది. పైగా సముద్రపు గాలి. ఉప్పుగాలికి ఇనుము ఎలా అయిపోతుందో విశాఖలో కిటికీ ఊచలు చూస్తే చాలు.

వెళ్లే ముందు ఓనరు అంకుల్‌కి ఫోన్ చేసి, మేం వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దన్నాం. వెళ్లగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూశాం, చల్లగా ఉంది. ముందే వేడి చేసి ఉంచితే చలి స్టార్టింగ్ ఎలా ఉందో, మొదట్లో పొగ వస్తుందో లేదో తెలీదు. అంకుల్ మంచివారే, మాట నిలబెట్టుకున్నారు.

తర్వాత టైర్లు. టైరు పక్కన చిన్న గుండ్రటి గడిలో నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఈ బండికి ముందూ వెనకా 0913 అని ఉంది, అంటే 2013 తొమ్మిదో వారం. కంపెనీ నుంచి వచ్చిన టైర్లే, గాడి ఇంకా బాగానే ఉంది. మీటరు అబద్ధం చెప్పట్లేదనడానికి అదొక సాక్ష్యం. కానీ అవే టైర్లతో ఘాట్ దిగితే ప్రాణం మీదకొస్తుంది, పక్కలంతా సన్నగా పగుళ్లు. అంటే టైర్లు మార్చే ఖర్చు రేటులోంచి తగ్గాలి. మీటరుని నమ్మాలంటే ఇంకా కొన్ని చూడాలి: ఫుట్‌రెస్ట్ రబ్బరు అరిగిందా, చైన్ పళ్లు కొక్కేల్లా వంగాయా, డిస్క్ అంచు దగ్గర గోరుకి గట్టు తగులుతుందా. 11 వేల బండికి ఇవన్నీ కొత్తగా ఉండాలి. దీనికి ఉన్నాయి.

ట్యాంకు మూత తీసి సెల్ లైటు వేస్తే మెడ దగ్గర తుప్పు కనిపించింది. ఇది ఇంజెక్షన్ బండి, ఆ తుప్పు పంపుకి అడ్డం పడితే ఖర్చు గట్టిగానే. ముందు ఫోర్కు గొట్టాల మీద వేలు రాస్తే ఒకవైపు చిన్న చిన్న గుంటలు. అవి ఆయిల్ సీలుని కోసేస్తాయి, సీలు మార్చినా మళ్లీ కారుతుంది. కూలెంట్ డబ్బాలో నీళ్లు తుప్పు రంగులో ఉన్నాయి. బండి పడిందా లేదా అన్నది రంగు చెప్పదు, కొత్తగా వేయించొచ్చు. హ్యాండిల్ చివర్లు, బ్రేక్ లీవర్ మొన, ఫెయిరింగ్ లోపలి పట్టీలు, హ్యాండిల్ తిప్పితే ఆగే చోట ఛాసిస్ మీద ఉండే స్టాపరు చూడాలి. ఇవన్నీ సరిగ్గానే ఉన్నాయి.

కాగితాల దగ్గరే మాట పెరిగింది. ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు ఇంకా అలాగే ఉంది. లోన్ ఎప్పుడో తీరిపోయిందట, ఎన్‌ఓసీ మాత్రం తీసుకోలేదట. బ్రోకర్ నవ్వి, "మీ ఏజెన్సీలో కాగితాలెవడు అడుగుతాడు బాబూ" అన్నాడు. మాకు ఒళ్లు మండింది. మన ఊళ్లల్లో తెల్లకాగితం మీద సంతకంతో కొన్న బండ్లు ఎన్ని లేవు? చెకింగ్‌లో పట్టుకుంటే పోయేది మన బండే. మేం అంకుల్‌తోనే మాట్లాడాం. ఆర్‌సీలో ఎవరి పేరుంటే బాధ్యత వాళ్లదేనని 2018 లో సుప్రీంకోర్టు చెప్పింది, రేపు మావాడు ఎవరినైనా గుద్దితే కేసు మీ మీదకే వస్తుందండీ అన్నాం. ఆయన బ్రోకర్ వైపు చూసి, మమ్మల్ని కూర్చోమన్నారు.

ఇంకోటి, 2013 బండి ఆర్‌సీ 15 ఏళ్లకి, అంటే 2028 లో అయిపోతుంది. అప్పుడు ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించాలి. అది కూడా బేరంలో పెట్టాం.

టైర్లు, ఫోర్కు, బ్యాటరీ, ట్యాంకు శుభ్రం, ఆయిళ్లు అన్నీ మెకానిక్ అన్న కాగితం మీద రాస్తే 17 వేలు తేలింది. మేం 36 అన్నాం, అంకుల్ 40 దగ్గర ఉన్నారు. అడ్వాన్స్ ఇవ్వలేదు. ఎన్‌ఓసీ, దాంతో ఫారం 35, తర్వాత 29, 30 మీద సంతకాలు అయ్యాకే డబ్బు. అప్పటిదాకా అది మావాడి నాన్నగారి ఖాతాలోనే ఉంటుంది. ఆయన ఫోన్‌లో ఒక్కటే అడిగారు, వెనక మిరియాల మూట పెట్టుకోవచ్చా అని. ఆ సీటు ఫోటో పంపాం. ఇంకా జవాబు రాలేదు.