సెలవు చీటీ, గాలి లెక్క

మే 22, అనాపొలిస్

సర్వేయరు రిపోర్టు చేతికొచ్చింది. నేను కొనబోయే లాంచీని నీళ్లలోంచి పైకెత్తించి, చిన్న ప్లాస్టిక్ సుత్తితో అడుగంతా తట్టుకుంటూ పోయాడాయన. ఖంగుమంటే ఫైబర్‌గ్లాసు గట్టిగా ఉన్నట్టు, డొల్లగా పలికితే పొరల మధ్య నీరు చేరినట్టు. కుడివైపు కిటికీ కింద డెక్కు జానెడు మేర మెత్తబడింది. మిగతాది ఫరవాలేదు. ఇంజనాయిలు ల్యాబుకి పంపితే లోహపు రజను హద్దులోనే ఉందన్నారు. 34 అడుగుల పొడవు, ఒక్క డీజిల్ ఇంజను, వయసు నా కాపురం వయసు కంటే ఎక్కువ. డబ్బు కట్టేశాను.

మే 24, రోచెస్టర్

దీన్ని ఇంటికి చేర్చడమెలా? ట్రక్కు వాళ్లకి ఫోన్ చేస్తే ఎంత దూరమని కాదు, ఎంత వెడల్పని అడిగారు ముందు. మామూలు లోడుకి రోడ్డు మీద 8 అడుగుల 6 అంగుళాలే హద్దు. మాది 12. అంటే మేరీలాండ్, పెన్సిల్వేనియా, న్యూయార్క్ మూడింటి పర్మిట్లూ విడివిడిగా తీసుకోవాలి. ట్రైలర్ ఎక్కాక ఎత్తు 13 అడుగుల 6 అంగుళాలు మించకుండా ఉండాలంటే పైనున్న ఫ్లైబ్రిడ్జి ఊడదీయాలి. విప్పడానికి కూలి, బిగించడానికి కూలి, రెండు చివర్లా క్రేను బాడుగ. ఇన్నేళ్లూ కదలని మరల్ని ఒకసారి కదిపితే ఆ కన్నాల్లోంచి వాన కారుతుందని యార్డులో ఒకాయన అననే అన్నాడు.

మా ఆవిడ అన్నగారు విశాఖ నుంచి వచ్చి మా ఇంట్లోనే ఉన్నారు. ఓడల ఇంజను గదుల్లో ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. అంతా విని, “ట్రక్కెక్కిస్తే లాంచీ వస్తుంది బావా. ఇంజను సంగతి నీకెప్పుడు తెలుస్తుంది?” అన్నారు.

నీళ్ల దారి కాగితం మీద గీశాను: చెసపీక్ బే, డెలావేర్ బే, న్యూజెర్సీ పక్కన అట్లాంటిక్, హడ్సన్ నది, ఈరీ కాలువ, ఆస్వీగో కాలువ, ఒంటారియో సరస్సు. ఈరీ కాలువలోనే తిన్నగా రోచెస్టర్ వచ్చేద్దామంటే, ఆ పడమటి భాగంలో వంతెనల కింద 15 అడుగుల 6 అంగుళాలే ఖాళీ. స్తంభం పడుకోబెట్టినా మా లాంచీ ఎత్తు 17. పైగా మా రేవు జెనెసీ నది సరస్సులో కలిసేచోట ఉంది. కాలువకీ దానికీ మధ్య ఊళ్లో జలపాతాలున్నాయి.

ఇన్సూరెన్సు వాళ్లు బావగారి సర్టిఫికెట్లు అడిగి, సముద్రంలో పగటిపూట మాత్రమే నడపాలన్న షరతుతో ఒప్పుకున్నారు. ఆఫీసులో సెలవు చీటీ పెట్టాను. తిరిగి చేరే తేదీ అందులో రాసుంది.

జూన్ 2, చెసపీక్ సిటీ

చెసపీక్‌ని డెలావేర్‌తో కలిపే కాలువ ఇది. 1829లో తెరిచినప్పుడు లాకులుండేవి. ఇప్పుడు 14 మైళ్లూ సముద్రమట్టంలోనే, 35 అడుగుల లోతున, పెద్ద ఓడలు సైతం పోయేలా తవ్వేశారు. రాత్రి ఒక సరుకు ఓడ దాటింది. మేమున్న కుదురు నీళ్లలో కూడా లాంచీ ఓ నిమిషం ఊగింది.

జూన్ 3, కేప్ మే

డెలావేర్ బేలోకి పాటుతో పాటే దిగాం. నీరు దక్షిణానికి లాగుతుంటే గాలి దక్షిణం నుంచే ఎదురొచ్చింది. లోతు తక్కువ బే, అందులో నీటికి గాలి ఎదురు తగిలితే కెరటాలు ఎత్తు కంటే నిటారుతనంతో చంపుతాయి. ఎడమవైపు అణువిద్యుత్ కేంద్రం కూలింగ్ టవరు గంటల తరబడి కనిపిస్తూనే ఉంది. ఎంత నడిచినా వెనకబడదే!

షిప్ జాన్ లైట్‌హౌసు దాటాక ఇంజను మొరాయించింది. నిమిషానికి 1800 దగ్గర నిలకడగా ఉన్న చుట్లు 1500కి, 1400కి జారాయి. బావగారు మీటరు వంక చూడలేదు, చెవి అటు పెట్టి, “గాలి కాదు, నూనె అందటంలేదు” అన్నారు. ఓడల దారి పక్కకి తప్పుకుని లంగరు వేశాం. ఇంధన ఫిల్టర్ కింది గాజుగిన్నెలో నల్లటి మడ్డి సగానికి నిండింది. కదలకుండా రేవులో పడున్నన్నాళ్లూ ట్యాంకు అడుగున పేరుకున్నదంతా ఇవాళ్టి ఊపుకి లేచి గొట్టాల్లోకి వచ్చింది.

పాత ఫిల్టర్ తీసి, గిన్నె తుడిచి, కొత్తది పెట్టి డీజిల్‌తో నింపారు. ఆపైన పంపు మీద చిన్న బోల్టుని ఒక చుట్టు వదులు చేసి నన్ను చేతిపంపు కొట్టమన్నారు. ముందు నురగ, తర్వాత బుడగలు, చివరికి బుడగలేని డీజిల్. అప్పుడు బోల్టు బిగించారు. గొట్టంలో ఏ కాస్త గాలి మిగిలినా డీజిల్ ఇంజను అందుకోదు. స్టార్టరు నొక్కగానే అందుకుంది. వంగి పని చేస్తున్నంతసేపూ లాంచీ ఊగుతూనే ఉంది. నాకు వాంతి రాకపోవడమే విశేషం.

జూన్ 5, కేప్ మే

ఈశాన్య గాలి. మేము పోవాల్సింది అటే. జెట్టీ చివరిదాకా నడిచి సముద్రం చూసొచ్చాం. బయట తెల్లగా విరుగుతోంది.

ఫోన్లో వాతావరణం, పక్కనే సెలవుల క్యాలెండరు. మా ఆవిడతో అంటే, “నీళ్లకి మీ మేనేజర్ తెలుసా ఏమిటండీ, ఆగండి” అంది. ఇక్కడి రేవులో ముసలి కెప్టెన్ ఒకాయన ఇంకా మొరటుగా చెప్పాడు: కొన్న పడవల్ని ముంచేది తుఫాను కంటే సోమవారం ఆఫీసేనట. మేనేజర్‌కి మెయిల్ రాసి మరో వారం అడిగాను. జీతం లేని సెలవు కింద ఇచ్చాడు. ట్రక్కు కంటే ఇది చవకని ఇంక అనుకోనక్కర్లేదు.

జూన్ 7, అట్లాంటిక్ సిటీ

గాలి పడమరకి తిరిగింది. తీరం వైపు నుంచి వీచే గాలికి నీరు అణిగింది. చిన్న నడక, మంచి రేవు. బావగారు ఫిల్టర్ మళ్లీ మార్చారు. ఈసారి గిన్నెలో మడ్డి పావువంతే.

జూన్ 9, హడ్సన్ మీద, కింగ్‌స్టన్

నిన్న న్యూయార్క్ హార్బరులో ఫెర్రీల అలలకి వంటింటి గిన్నెలన్నీ నేలమీదికొచ్చాయి. స్వేచ్ఛా విగ్రహాన్ని ఫొటో తీయడానికి కూడా స్టీరింగు వదల్లేకపోయాను.

ఈ నదిలో సముద్రపు పోటు ట్రాయ్ దాకా, 150 మైళ్లకి పైగా ఎక్కుతుంది. పోటు మొదట్లో బయల్దేరితే అది మనతోపాటే ఉత్తరానికి జరుగుతూ వస్తుంది, కాబట్టి ఆరు గంటలకే అయిపోదు. 7.5 నాట్ల లాంచీ ఒక దశలో 9 చూపించింది, చుక్క డీజిల్ అదనంగా కాల్చకుండానే. తీరిగ్గా పోయేవాడికి నది ఇచ్చే రాయితీ ఇది. పాటులో బయల్దేరితే ఆ రాయితీ జరిమానా అవుతుంది.

జూన్ 11, వాటర్‌ఫర్డ్

ఇక్కణ్ణుంచి మెట్లు. మైలున్నర దూరంలో వరసగా అయిదు లాకులు, 169 అడుగుల ఎత్తు. రేడియోలో ఛానెల్ 13 మీద పిలిస్తే లాకు నడిపే ఆవిడ ఆకుపచ్చ లైటు వేసింది. లోపల 300 అడుగుల పొడవు, దాదాపు 45 అడుగుల వెడల్పు. అంత గదిలో మేమొక్కళ్లమే. గోడ పాచిపట్టి జారుతోంది. పైనుంచి వేలాడే మోకుని పట్టుకోవాలేగాని లాంచీకి కట్టెయ్యకూడదు. నీరు లేస్తున్నకొద్దీ కట్టిన మోకు వదులైపోయి లాంచీ గోడ నుంచి పక్కకి కొట్టుకుపోతుంది.

పంపులేమీ లేవు. పై మట్టం నీరే గోడల్లోని తూముల గుండా తనంతట తాను దిగి గదిని నింపుతుంది. బావగారికి ధవళేశ్వరం లాకులు గుర్తొచ్చాయి. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా కాలువల్లో ధాన్యం పడవలు నడిచింది ఇదే లెక్క మీద. “మా తాత పడవ కట్టిన మోకు నేనూ పట్టుకున్నాను బావా, అక్కడ చేతులు ఇంకా మండేవి,” అన్నారు చేతి తొడుగులు పిండుకుంటూ.

జూన్ 13, లిటిల్ ఫాల్స్ దాటాక

లాకు 17. ఒక్క ఎగురున 40 అడుగులు. కింది గేటు తలుపుల్లా తెరుచుకోదు, మొత్తంగా పైకి లేస్తుంది. దాని కింద నుంచి దూరుతుంటే చుక్కలు నెత్తిన పడ్డాయి. తర్వాత అది వెనకాల దిగిపోయింది. పైకి చేరేసరికి నా భుజాలు నావి కావు.

జూన్ 15, సిల్వన్ బీచ్

రోమ్ దగ్గర కాలువ ఎత్తు సముద్రమట్టానికి 420 అడుగులు. అక్కణ్ణుంచి దిగుడే. ముందున్నది ఒనైడా సరస్సు, 21 మైళ్ల పొడవు, తూర్పు పడమరలుగా. పడమటి గాలి దాని పొడవునా పరుగెత్తి ఈ చివర గుద్దుతుంది. మధ్యాహ్నం గాలి రేగింది. “వెళ్లిపోదామా?” అన్నాను నేనే. బావగారు టీ పెట్టారు. రేపు తెల్లవారుజామున దాటతాం.

జూన్ 18, రోచెస్టర్

ఆస్వీగో కాలువలో ఏడు లాకులు దిగి ఒంటారియోలో పడ్డాం. మెయిల్లో రాసిన తేదీకి ముందే ఇల్లు చేరాం, కాని ఆ తేదీ మా గొప్పేమీ కాదు. ఈశాన్యం మరో వారం వీచి ఉంటే మళ్లీ మెయిల్ రాయడమే.

లాంచీ గురించి రాసి పెట్టుకోవాల్సినవి: రివర్సులో వెనకభాగం ఎడమకి లాగుతుంది, కనుక జెట్టీకి ఎడమ పక్క ఆనించడం సులువు. ఎడమ ట్యాంకు కుడిదానికంటే నెమ్మదిగా ఖాళీ అవుతుంది. ఇంజను వేడెక్కాక ఆయిల్ ప్రెషరు కాస్త పడి అక్కడే ఆగుతుంది, కంగారక్కర్లేదు. మెత్తబడిన డెక్కు అంతకు మించి పెరగలేదు.

మా ఆవిడ వెనక పేరు రాయించాలంటోంది, బంగారు రంగులో. బావగారు ట్యాంకులు తెరిచి కడిగించాలంటున్నారు. ఇద్దరూ నావైపు చూశారు. ట్యాంకులకే పిలిచాను మనిషిని. పేరు వచ్చే ఏడు.