మా కాశయ్యని చూశారా సార్?

దేవనహళ్ళిలో మా అపార్టుమెంటు వాళ్ళు అప్పుడప్పుడూ ఆరుబయట తెర కట్టి పాత సినిమాలు వేస్తుంటారు. మొన్న ఫ్రిట్జ్ లాంగ్ తీసిన 'ది బిగ్ హీట్' వేశారు, 1953 నాటిది. ఎయిర్‌పోర్టు దగ్గర కాబట్టి విమానం లేచినప్పుడల్లా మాటలు వినబడవు. అయినా ఒక్కరూ కుర్చీలోంచి కదల్లేదు. అంతా అయ్యాక పక్క ఫ్లాట్ పెద్దాయన సినిమాని తెగ మెచ్చుకుని, నావైపు తిరిగి, "మీ తెలుగులో ఇలాంటివి రావు కదా సార్, మీవన్నీ సుమో కార్లు గాల్లోకి లేచేవేగా" అన్నారు.

సుమోలట! ఈ కన్నడ రాష్ట్రానికి వచ్చిన దగ్గర్నుంచీ ఇదే మాట. ఆఫీసులో సుమోలే, పెళ్ళి విందులో పక్క కుర్చీ ఆయన నోట సుమోలే. ఈ ఊళ్ళో నేను పరాయివాణ్ణని ఎప్పుడూ అనిపించదు. కోట దగ్గర చక్కోతకాయలు అమ్మే ఆవిడ నాతో తెలుగులోనే బేరమాడుతుంది. సినిమా మాట వచ్చేసరికి మాత్రం నేను సుమో దేశస్థుణ్ణయిపోతాను.

బిగ్ హీట్ గొప్ప సినిమాయే, కాదనను. తెర తెరవగానే బల్ల మీద తుపాకి, దాన్ని అందుకునే చెయ్యి. కాల్చుకున్నది ఓ పోలీసు. ఊరిని లగానా అనే దొంగల పెద్ద ఎలా ఆడిస్తున్నాడో అంతా ఉత్తరం రాసిపెట్టి పోతాడు. భార్య ఆ ఉత్తరాన్ని బయటపెట్టదు, అడ్డం పెట్టుకుని నెలనెలా డబ్బు గుంజుతుంది. లగానా మనిషి ఇంట్లో సాక్షాత్తూ పోలీసు కమిషనరే పేకాడుతుంటాడు. నాకు ఒళ్ళు జలదరించింది అక్కడే. బెదిరింపూ లేదు, బేరమూ లేదు, ముక్కలు పంచుకుంటున్నారంతే.

అయితే వాళ్ళ పాపమంతా రాత్రిపూట, మూసిన తలుపుల వెనక. మనది పట్టపగలు, మైకు పెట్టి, దండలు వేసి. ఆ పట్టపగటి చీకటిని మనవాళ్ళు తీసినంత బాగా ఎవరు తీశారు? 1985లో రామోజీరావు నిర్మించగా టి. కృష్ణ తీసిన 'ప్రతిఘటన' ఉంది. లెక్చరర్ని నడివీధిలో వివస్త్రని చేసిన రౌడీ కాళి ఎమ్మెల్యే అయి కూర్చుంటాడు. సన్మాన సభలోనే, అంత జనం ముందే, ఆవిడ గొడ్డలి ఎత్తుతుంది. ఆ కాళి వేషం వేసిన చరణ్‌రాజ్ కన్నడ నటుడేనని పెద్దాయనకి చెప్పాలనుకున్నాను. అందులో మంత్రి కాశయ్యగా కోట శ్రీనివాసరావు తెలంగాణ యాసలో నవ్వుతూ మాట్లాడుతుంటే లగానా ఎందుకు పనికొస్తాడు! 'శివ'లో నాయకుడు మాచిరాజు ఆయనే, 1993లో 'గాయం'లో గురునారాయణా ఆయనే. ముగ్గురూ ముగ్గురు వేరే మనుషులు. ఆయన 2025 జులైలో పోయినప్పుడు నాకు సొంత పెదనాన్న పోయినట్టనిపించింది.

కన్నడం వాళ్ళని తక్కువ చెయ్యను. ఉపేంద్ర 1995లో 'ఓం' తీస్తూ నిజం రౌడీలనే కెమెరా ముందు నిలబెట్టాడు. 2007లో వచ్చిన 'ఆ దినగళు'లో రౌడీలు జయరాజ్, కొత్వాల్ రామచంద్ర అసలు పేర్లతోనే ఉంటారు. కథ రాసిన అగ్ని శ్రీధర్ ఆ లోకంలోంచి వచ్చినవాడే, స్క్రీన్‌ప్లేలో గిరీష్ కర్నాడ్ చెయ్యి కూడా ఉంది. అంత ధైర్యం చూస్తే నాకు అసూయే. కానీ వీళ్ళు నెత్తిన పెట్టుకున్న 'పోలీస్ స్టోరీ'లో హీరో అగ్నిగా వేసిందెవరు? మా సాయికుమార్. 'అంకుశం'లో రాజశేఖర్‌కి గొంతిచ్చింది ఆయనే. 'ఓం'ని తెలుగులో 'ఓంకారం'గా తీసినప్పుడు హీరో ఆ రాజశేఖరే. మరి మనది వేరు, మీది వేరు అని గీత ఎక్కడ గీస్తారు?

ఇంతకుమించి పోల్చడం నాకు చేతకాదు, ఎందుకంటే బెజవాడ గుర్తొస్తుంది. 1988 డిసెంబరు 26న నిరాహార దీక్షలో ఉన్న ఎమ్మెల్యే వంగవీటి మోహనరంగాను చంపేశారు. ఊరు తగలబడింది, కర్ఫ్యూ పెట్టారు. సడలించిన కాసేపట్లో నాన్న నన్ను వెంటేసుకుని పాలకోసం వెళ్ళారు. వీధి మొగలో కాలిన కిళ్ళీకొట్టు, కరిగి గడ్డకట్టిన సోడా క్రేట్లు. నాన్న నా మణికట్టు ఎంత గట్టిగా పట్టుకున్నారంటే ఇంటికొచ్చాక చూస్తే వేళ్ళ గుర్తులున్నాయి. పది నెలలు తిరక్కుండా, అదే ఊళ్ళో సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీలో చదివిన రామ్‌గోపాల్ వర్మ 'శివ' తెచ్చాడు. జనం సైకిల్ చైన్ చూసి ఈలలేశారు. మా నాన్న మాచిరాజుని చూసి, "వీణ్ణి నేనెరుగుదును" అన్నారు. అంతకుమించిన విమర్శ నేనెక్కడా చదవలేదు.

సుమోలు తర్వాత వచ్చాయి. 1999లో 'సమరసింహారెడ్డి' ఆడాక కత్తి పట్టినవాడే హీరో అయ్యాడు, వెనకనున్న నాయకుణ్ణి చూపించే ఓపిక పోయింది. 2010లో దేవా కట్టా 'ప్రస్థానం'లో సాయికుమార్ లోకనాథం నాయుడై ఆ ఓపిక మళ్ళీ చూపించాడు. థియేటర్లు నిండలేదు. ఆ తప్పు మాత్రం చూడని మనదే.

ఊరుదాటి బతుకుతున్న తెలుగువాళ్ళకి ఒక మాట. మీ సంఘాల్లో ఉగాదికి కొత్త హిట్టు వెయ్యకండి, 'ప్రతిఘటన' వెయ్యండి. పక్కింటివాళ్ళని పిలిచి, మీ పక్కనే కూర్చోబెట్టుకుని, కాశయ్య మాటలు ఒక్కొక్కటీ విడమరిచి చెప్పండి.