ఊపిరికి నీళ్ల కాపలా

కువైట్

బావగారికి,

ముందుగా ఇక్కడ ఆస్పత్రిలో ఉన్న మన ఊరి పిల్లోడి తల్లిని పిలిపించి చెప్పండి: ఆపరేషన్ బాగా జరిగింది, ఊపిరితిత్తి తీసెయ్యలేదు. సగం కోసేశారని ఊళ్లో ఎవరో పుట్టించారట. తీసింది దాంట్లో పెరిగిన నీటిబుడ్డను మాత్రమే.

ఇక్కడి వింతలు రాయమన్నారు. సముద్రం ఒడ్డున నీలపు గోళాల టవర్లు, ఉప్పునీళ్లను మంచినీళ్లు చేసే ఫ్యాక్టరీలు, 2016 జులైలో మిత్రిబా అనే చోట 53.9 డిగ్రీలు కాసిన ఎండ... ఇవన్నీ ఎవరైనా రాస్తారు. నేను వింతలు చూసింది ఆస్పత్రి వార్డులో. ఇక్కడ సబా అనే ప్రాంతమంతా ఆస్పత్రులే. అందులో గుండెకూ ఛాతీకీ అంటూ వేరే ఒక పెద్దాసుపత్రే ఉంది.

మనవాడు కబ్ద్ ఎడారిలో జాఖూర్‌లో, అంటే గొర్రెలూ ఒంటెలూ కట్టే దొడ్డిలో, పని చేస్తాడు కదా. దగ్గు వస్తుంటే దుమ్ము తుఫాన్ల వల్లేననుకున్నాడు. ఎక్స్‌రే తీస్తే కుడిపక్క తెల్లగా, గుండ్రంగా కనబడింది. హైడాటిడ్ అన్నారు డాక్టర్లు. కుక్క పేగుల్లో ఉండే చిన్న బద్దెపురుగు గుడ్లు తిండితోనో నీళ్లతోనో మన కడుపులోకి పోతే, కార్జంలోనో ఊపిరితిత్తిలోనో చేరి బుడ్డగా ఏళ్ల తరబడి పెరుగుతాయట. గొర్రెల మందలూ కుక్కలూ కలిసి తిరిగే చోటల్లా ఉండే జబ్బు ఇది. అరబ్బు దేశాల్లో ఉంది, మన సీమలోనూ ఉంది. కర్నూలు పెద్దాసుపత్రి సర్జన్లను అడిగినా చెబుతారు. ఎక్కడ అంటిందో ఇప్పుడు ఎవరూ తేల్చలేరు. గల్ఫ్ వీసా కోసం మెడికల్ పరీక్షప్పుడు తీసిన ఎక్స్‌రేలో ఏమీ లేదని పిల్లోడు వాదిస్తాడు. కానీ అప్పటికి అది కంటికి ఆననంత చిన్నదై ఉండొచ్చు.

ఆపరేషన్ అంటే కత్తి పట్టినవాడి పనే అనుకునేవాణ్ణి. ఊపిరితిత్తి విషయంలో సగం పని రోగిదే, అదీ కత్తి పెట్టకముందే మొదలవుతుంది. మొదటి రోజే సిగరెట్టు మానిపించారు. (బావా, చుట్ట పక్కన పెట్టి ఇది చదవండి.) మూడు బంతులున్న ప్లాస్టిక్ డబ్బా చేతికిచ్చారు. మావాడు బలమంతా పెట్టి ఊదాడు, ఒక్కటీ లేవలేదు. దాన్ని ఊదకూడదు, నెమ్మదిగా పీల్చాలి. పీల్చి కాసేపు బిగపట్టాలి. మలయాళీ నర్సమ్మ హిందీలో "సాస్ లో, సాస్ ఛోడో" (ఊపిరి పీల్చు, ఊపిరి వదులు) అంటూ గంటగంటకూ పట్టించింది. ఛాతీకి దిండు హత్తుకుని దగ్గడం కూడా ముందే నేర్పింది. కోత పడ్డాక నేర్చుకోవాలంటే నొప్పి నేర్చుకోనివ్వదు.

ఈ ఊపిరి బిగపట్టే విద్య ఈ ఊరికి కొత్త కాదు. చమురు పడకముందు కువైట్‌కు పెద్ద బతుకుదెరువుల్లో ముత్యాల వేట ఒకటి. ఎండాకాలం నెలలన్నీ సముద్రం మీదే. ముక్కుకు కొమ్ముతో చేసిన క్లిప్పు, కాలికి రాయి, మెడలో బుట్ట, నిమిషమో నిమిషన్నరో ఊపిరి. పైన పడవలో తాడు పట్టుకున్న మనిషి లాగితేనే బతుకు. మన హైదరాబాదు అంగళ్లలో బస్రా ముత్యాలని అమ్మినవి ఈ గల్ఫ్ సముద్రంలోంచి ఊపిరి బిగపట్టి పైకి తెచ్చినవే. జపానువాళ్లు ముత్యాలను పెంచడం మొదలెట్టాక, 1930ల్లో ఆ వ్యాపారం పడిపోయింది.

ఇక ఆపరేషన్ సంగతి. గొంతులోకి రెండు దారుల గొట్టం వేస్తారు. ఒక ఊపిరితిత్తికి గాలి ఆపి పడుకోబెట్టి, రెండో దానితో మనిషిని నడిపిస్తారు. బుడ్డ చుట్టూ ఉప్పునీళ్లలో తడిపిన గుడ్డలు పరుస్తారు. అది పగిలి లోపలి నీళ్లు చిందితే కొత్త బుడ్డలు మొలుస్తాయి, ఒక్కోసారి ఒళ్లు తట్టుకోలేక ప్రాణం మీదికొస్తుంది. అందుకే కోడిగుడ్డు పెంకు ఒలిచి లోపలి పొర చిట్లకుండా ఉంచినంత ఓర్పుతో చేస్తారు. ఇదంతా తర్వాత డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు.

నన్ను కట్టిపడేసింది మాత్రం మంచం పక్కన సీసా. పక్కటెముకల మధ్య నుంచి వచ్చిన గొట్టం కొస అందులో నీళ్ల కింద మునిగి ఉంటుంది. లోపల చిక్కిన గాలి దగ్గినప్పుడల్లా బుడగలై బయటపడుతుంది. తిరిగి లోపలికి పోదామంటే నీళ్లు అడ్డం. మర లేదు, కరెంటు లేదు. పంతొమ్మిదో శతాబ్దంలో కనిపెట్టిన ఉపాయం, ఇంత ఆధునికమైన ఆస్పత్రిలో ఇప్పటికీ అదే. సీసాను ఛాతీ కంటే పైకి ఎత్తొద్దని అందరికీ హెచ్చరిక. పొద్దున్నే డాక్టరు రోగి ముఖం కంటే ముందు దాన్నే చూస్తాడు. బుడగలు ఆగి, ఎక్స్‌రేలో ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకుంటే గొట్టం తీస్తారు. మావాడు మర్నాడే ఆ సీసా చేత్తో పట్టుకుని వరండాలో నడిచాడు.

నొప్పి మాత్ర వద్దని మొండికేస్తే నర్సమ్మ తిట్టింది. నొప్పికి భయపడి పైపైన పీలిస్తే అడుగున కఫం చేరి న్యుమోనియా వస్తుందట. ఆ పక్క చెయ్యి గోడ మీద పాకిస్తూ పైకెత్తాలి, లేకపోతే భుజం బిగుసుకుపోతుంది. కోత చుట్టూ చర్మం నెలల తరబడి మొద్దుబారినట్టో, మంటగానో ఉండొచ్చు. భయపడొద్దని తల్లికి చెప్పండి. ఇంకో ముఖ్యమైన మాట: ఆ పురుగుకు ఇచ్చిన ఆల్బెండజోల్ మాత్రలు కొవ్వున్న తిండితో వేసుకుంటేనే ఒంట్లోకి బాగా ఎక్కుతాయన్నారు. ఆమె నెయ్యి పోస్తానంటే ఈసారికి ఎవరూ అడ్డుచెప్పొద్దు. మధ్యమధ్యలో లివరుకూ రక్తానికీ పరీక్షలు తప్పవు.

పండక్కి వస్తాడా అని అడిగిస్తున్నారు. ఇప్పుడే కుదరదు. విమానం లోపల గాలి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నంత పలచగా ఉంటుంది. ఛాతీలో కాస్త గాలి మిగిలి ఉన్నా అక్కడ అది ఉబ్బి ఊపిరితిత్తిని నొక్కేస్తుంది. ఎక్స్‌రే చూసి డాక్టరు సరేనన్నాకే టిక్కెట్టు. వచ్చాక కూడా కొన్ని వారాలు బస్తాలు ఎత్తనివ్వకండి.

మీరు చేయాల్సిన పని ఒకటుంది. జాతరకు పొట్టేళ్లు కోసినప్పుడు నీటిబుడ్డలున్న కార్జం, ఊపిరితిత్తులు కుక్కలకు విసిరేస్తారు కదా. ఆ బుడ్డ తిన్న కుక్కలోనే మళ్లీ పురుగు తయారవుతుంది. ఈసారి అవి కుక్కలకు అందనంత లోతున పూడ్పించండి. పశువుల డాక్టరు దగ్గర కుక్కలకు పురుగుల మందు అడిగి, మీ దొడ్డికాడ పడుకునే నల్లదానితోనే మొదలెట్టండి.

ఇట్లు,
మీ బావమరిది